ఆషాఢంలో నల్లబడ్డ వెండి

ఆషాఢ మాసంలో బ్యాండు మేళం షాపు ఎలా ఉంటుందో చూశారా? పెళ్ళిళ్ళుండవు, ముహూర్తాలుండవు. యుఫోనియాలు గోడ మేకులకి వేలాడుతుంటాయి. జరీ అంచు ఎర్రకోట్లు మడతల మీద ఉంటాయి. సైడ్ డ్రమ్ము మీద ఎవరో టీ గ్లాసు పెట్టి మరిచిపోతారు. మా వీధి చివర అలాంటి షాపొకటుంది. అన్నదమ్ములిద్దరు నడుపుతారు, ఇద్దరూ ట్రంపెట్టే వాయిస్తారు. నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషినని పెద్దాయనకి తెలుసు. అటుగా పోతుంటే ఒకరోజు కేకేసి కూర్చోబెట్టి, రెండు మౌత్‌పీసులు నా చేతిలో పెట్టాడు.

"ఇవి రెండూ ఒకే రోజు కొన్నాం మాస్టారూ. నాలుగేళ్ళయింది. ఒకే కొట్టు, ఒకే ధర. నాది బొగ్గయిపోయింది. మావాడిది నల్లబడలేదు గానీ ఆకుపచ్చగా ఏదో పూస్తోంది. వాయించి తీసేసరికి వాడి మూతి మీద కూడా ఆకుపచ్చ గీత పడుతోంది. రెండింట్లో ఏది దొంగ సరుకంటారు?"

మౌత్‌పీసు అంటే ట్రంపెట్‌కి పెదవి ఆనించే చిన్న గరాటు. పైన గుండ్రటి అంచు, లోపల చిన్న గిన్నె, ఆ గిన్నె అడుగున సన్నటి గొంతు, ఆ కింద గొట్టంలో దూరే తోక. నేర్చుకునేవాళ్ళకి చాలామంది ముందు ఇప్పించేది 7సి సైజు. దాని అంచు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్ల చిల్లర. లోపల ఉన్నది ఇత్తడి, పైన ఉన్నది వెండి పూత.

పెద్దాయన మౌత్‌పీసుని వెలుగులోకి తిప్పి చూశాను. బయటంతా నలుపు. గిన్నె లోపల మాత్రం నలుపు కాదు, ఒక పక్క ఊదా, దాని పక్కన నెమలికంఠం నీలం, గొంతు దగ్గర లేత పసుపు. పెదవి ఆనే అంచు మాత్రం కొత్త పట్టీలా తెల్లగా మెరుస్తోంది. ఇంకో విచిత్రం, తోక మీద అడ్డంగా ఒక చార. చుట్టూ ఉన్న నలుపుకన్నా ముదురు నలుపు, గీత గీసినంత నీటుగా ఉంది.

తమ్ముడిది ఇందుకు పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. ఒళ్ళంతా తళతళలాడుతోంది, అంచు మీద మాత్రం కందిగింజంత మేర తెలుపు పోయి పసుపు బయటపడింది. ఆ పసుపు చుట్టూ ఆకుపచ్చ పొడి. పసుపు నడుమ మళ్ళీ చిన్న గులాబీ రంగు చుక్క. నాకు భయం వేసింది ఈ రెండోదాన్ని చూశాకే.

"రెండూ ఒకటే సరుకు. రోగాలే వేరు," అన్నాను.

ముందు నలుపు సంగతి. లోహం రంగు మారిందనగానే మనకి తుప్పు గుర్తుకొస్తుంది, తుప్పు అనగానే ఆక్సిజన్. వెండి విషయంలో ఆక్సిజన్ ఒక్కటే వచ్చి ఏమీ చెయ్యలేదు. శుభ్రమైన పొడిగాలిలో ఎన్నాళ్ళున్నా వెండి తెల్లగానే ఉంటుంది. దాని బలహీనతంతా గంధకం. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ లేశమాత్రం ఉన్నా, కాస్త తేమ తోడైతే చాలు, ఆక్సిజన్ సాయంతో వెండి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. నల్లగా కనిపించేది అదే. ఈ పని మురికి గాలికే పరిమితం కాదు. కార్బొనిల్ సల్ఫైడ్ అనే వాయువు సముద్రాల నుంచీ అగ్నిపర్వతాల నుంచీ పుట్టి భూమి చుట్టూ అంతటా పరుచుకుని ఉంది. రెండు వందల కోట్ల గాలి అణువులకి దాదాపు ఒకటి చొప్పున. అంత పలచటిది కూడా తేమ తగిలితే నెమ్మదిగా హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. హిమాలయాల్లో దాచినా వెండికి తప్పించుకునే దారి లేదన్నమాట, కాకపోతే అక్కడ ఆలస్యమవుతుంది.

షాపు ముందు మూతలేని మురుగు కాలువ ఉంది. గాలి చొరని బురదలో బతికే బాక్టీరియాలు నీళ్ళలోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చి వదులుతాయి. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. కాలువ పక్కన రోజూ కూర్చునేవాళ్ళ ముక్కు ఆ వాసనకి అలవాటుపడి ఊరుకుంటుంది, వెండి మాత్రం ప్రతి అణువునీ లెక్క రాసుకుంటుంది.

ఇక ఆ ముదురు చార. "ఇది దేంట్లో పెడతారు?" అని అడిగాను. ఆయన సొరుగు లాగి చూపించాడు. పాత ఉన్ని స్వెట్టరు ముక్క, దాంట్లో మౌత్‌పీసు, జారిపోకుండా తోకకి రబ్బరు బ్యాండు. నాకు నవ్వొచ్చింది. రబ్బరుకి సాగి మళ్ళీ బిగిసే గుణం నిలిచేదే గంధకం కలిపి ఉడికిస్తే. మిగులు గంధకం ఆ రబ్బరులోంచి నెలల తరబడి బయటికొస్తూనే ఉంటుంది. ఉన్ని అంటే జంతువు వెంట్రుక. దాంట్లో కెరాటిన్ ఉంది, కెరాటిన్ నిండా గంధకమే. మ్యూజియంలలో వెండి వస్తువుల దరిదాపులకి రబ్బరునీ ఉన్నినీ రానివ్వనిది ఇందుకే. పెద్దాయన తన మౌత్‌పీసుని భద్రంగా గంధకంలో చుట్టి, మూఢాలూ ఆషాఢాలూ వచ్చినప్పుడల్లా సొరుగులో పెడుతున్నాడు. ఖాళీ రోజుల్లోనే అది ఎక్కువ నల్లబడుతోందని ఆయనే గమనించాడట, కారణం మాత్రం "వాయించకపోతే వాయిద్యం అలుగుతుంది మాస్టారూ" అని చెప్పుకున్నాడు. ఆ మాటలో సగం నిజముంది. సీజన్లో రోజూ పెదవి రుద్దుకోవడం వల్లే అంచు తెల్లగా ఉంది. పొర కట్టే తీరిక దానికి దొరకలేదు.

సీజన్లో గంధకం తక్కువేమీ కాదు. ఊరేగింపులో ముందు బాణసంచా, వెనక మేళం. తుపాకీమందులో దాదాపు పదో వంతు గంధకమే ఉంటుంది. కాలాక మిగిలే బూడిదలో సల్ఫైడ్లుంటాయి, వాటికి తేమ తగిలితే మళ్ళీ అదే కుళ్ళిన గుడ్డు వాయువు. తర్వాత భోజనాలు. వెల్లుల్లిలోని గంధక పదార్థాల్లో కొన్ని రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికొస్తాయి. అందుకే పళ్ళు తోముకున్నా వెల్లుల్లి వాసన పోదు. ఏమీ తినకపోయినా నాలుక వెనక భాగంలో కాపురముండే బాక్టీరియాలు సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలను విరగ్గొట్టి గంధకపు వాయువులు తయారుచేస్తూనే ఉంటాయి. పొద్దున్నే నోటి వాసన వచ్చేది వాటివల్లే. అదంతా గిన్నెలోకి ఊదుతాం. ఒంట్లో వేడి చేస్తే కాళ్ళ పట్టీలు నల్లబడతాయని మనవాళ్ళంటారు గానీ పట్టీకి ఒంటి వేడితో పని లేదు. చెమటలోని ఉప్పు, తేమ, గంధకం, పట్టీలో గట్టిదనం కోసం కలిపిన రాగి, ఇవన్నీ కలిసి చేసే పని అది.

ఆ నెమలికంఠం రంగుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. సిల్వర్ సల్ఫైడ్ నల్లటిది కదా, మరి ఊదా, నీలం ఎక్కడివి? రోడ్డు మీద వాననీటిలో పెట్రోలు చుక్క పడితే కనిపించే రంగులవే ఇవీ. పొర పైముఖం నుంచి కొంత వెలుగు వెనక్కొస్తుంది, పొరలో దూరి అడుగున వెండిని తాకి ఇంకొంత వస్తుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు రద్దయిపోతాయి, మిగిలినవి మన కంట పడతాయి. పొర మందం మారితే రంగు మారుతుంది. ముందు లేత పసుపు, తర్వాత రాగి ఎరుపు, ఊదా, నీలం, చివరికి నలుపు. ఇదంతా జరిగేది కొన్ని పదుల నానోమీటర్ల మందంలో. తల వెంట్రుకని వెయ్యి పొరలుగా చీలిస్తే ఒక్కో పొరా దీనికి సరితూగుతుంది. కాబట్టి పెద్దాయన మౌత్‌పీసులో గంధకం ఎక్కడ ఎంత కూర్చుందో పరికరం అక్కర్లేకుండా కంటితోనే చదవొచ్చు. గొంతు దగ్గర తక్కువ, బయట ఎక్కువ, రబ్బరు బ్యాండు కింద మరీ ఎక్కువ.

తమ్ముడి దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకు మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టాలంటే ముందు లోపల కళాయి ఉందో లేదో చూసుకునేది. కళాయి పోయిన గిన్నెలో చారు కాస్తే కిలుమెక్కిందని పారబోయడమే. వీధిలోకి కళాయివాడొచ్చినప్పుడు పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్ళం. గిన్నెని నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, గుప్పుమని తెల్లపొగ లేస్తుండగా తగరం రాసి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవాడు. గిన్నె లోపల చంద్రుడు పుట్టేవాడు. మౌత్‌పీసు మీద వెండి పూత కూడా ఆ పనికే ఉంది, పులుపూ ఉప్పూ ఇత్తడిని తాకకుండా అడ్డుకోవడానికి. పద్ధతే వేరు. కరెంటుతో వెండి పూత వేసే పద్ధతికి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్‌లు పేటెంటు తీసుకున్నది 1840లో.

తగరానికీ వెండికీ గుణంలో ఒక పెద్ద తేడా ఉంది. తడిలో రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతుంటే, ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేది కరుగుతుంది, రెండోది బతుకుతుంది. ఆ క్రమం కొలిచి పెట్టుకున్నాం. జింకు -0.76 వోల్టులు, తగరం -0.14, రాగి +0.34, వెండి +0.80. అంకె ఎంత తక్కువైతే అంత ముందు బలి. కళాయి ఒకచోట గీరుకుపోతే రాగికన్నా కింద ఉన్న తగరం తాను ముందు కరుగుతూ రాగిని కొంతవరకు కాపాడుతుంది. వెండి పూత గీరుకుపోతే జరిగేది దీనికి తలకిందులు. పైనున్న వెండికి ఏమీ కాదు, కిందున్న ఇత్తడి కరుగుతుంది. పూత చెక్కుచెదరనంతకాలం వెండి ఇత్తడికి కావలి కాస్తుంది. ఒక్క చిల్లు పడిందా, ఆ కాపలాదారే ఇల్లు దోచుకోవడం మొదలుపెడతాడు. చిల్లు ఎంత చిన్నదైతే అంత చేటు. చుట్టూ ఉన్న వెండి మేరంతా కలిసి కందిగింజంత ఇత్తడి మీద పడుతుంది.

1800లో వోల్టా మొట్టమొదటి బ్యాటరీ కట్టింది వెండి బిళ్ళలు, జింకు బిళ్ళలు, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలతో. అరిగిన మౌత్‌పీసు అంచు మీద వెండి ఉంది, ఇత్తడిలో జింకు ఉంది, ఉప్పునీటి బదులు ఉమ్మీ చెమటా ఉన్నాయి. తమ్ముడు ప్రతి పెళ్ళిలోనూ మూతికి ఒక చిన్న వోల్టా బ్యాటరీని ఆనించి వాయిస్తున్నాడు. అతనికిది చెబితే "అందుకేనా ఈమధ్య నాలుకకి చిరచిరలాడుతోంది" అన్నాడు. అన్నయ్య "ఉల్లిపాయ బజ్జీలు తగ్గించరా" అన్నాడు.

కరిగిన రాగి ఊరికే ఉండదు. చెమటలోని క్లోరైడుతో కలిస్తే ఆకుపచ్చ, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడుతో తడిలో కలిస్తే ఆకుపచ్చ, చర్మం మీది కొవ్వుతో కలిసినా ఆకుపచ్చే. మనం కిలుం, చిలుము అనేది ఈ రాగి లవణాలన్నింటినీ కలిపి. మూతి మీద గీత కూడా ఇదే, కడిగితే పోతుంది. అందువల్ల ప్రాణం మీదికి రాదు గానీ, నేను భయపడిన సంగతి వేరే ఉంది. లేతు మిషను మీద తేలిగ్గా తెగడానికి ఇత్తడి కడ్డీల్లో సీసం కలుపుతారు. బాగా వాడే ఒక రకంలో 3 శాతం దాకా ఉంటుంది. అలాంటి కడ్డీ నుంచి చెక్కిన మౌత్‌పీసుకి పూత పోయిందంటే పెదవి ఆనేది దేనిమీదో వేరే చెప్పాలా? కొంతమందికి పూత కింద వేసే నికెల్ వల్ల పెదవి చుట్టూ దురదతో దద్దుర్లు కూడా వస్తాయి.

గులాబీ చుక్క సంగతి మిగిలింది. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన మిశ్రమం. జింకు 15 శాతం దాటితే ఈ జబ్బుకి దారి తెరుచుకుంటుంది. తడి తగిలిన చోట జింకు మాత్రమే కరిగి వెళ్ళిపోతుంది, రాగి మిగులుతుంది. మిగిలిన రాగి గట్టిగా ఉంటుందనుకోకండి, స్పాంజిలా గుల్లగా ఉంటుంది. రంగు మాత్రం రాగిదే, కాబట్టి గులాబీ. ట్రంపెట్టులో ఇది ఎక్కువగా వచ్చేది మౌత్‌పీసు తర్వాతి మొదటి గొట్టంలో, ఊపిరి తడంతా ముందు చేరేది అక్కడే కనుక. లోపల మొదలై బయటికి చుక్కగా తేలేసరికి గొట్టం చిల్లిపడే దశలో ఉంటుంది. చింతపండు రాసిన ఇత్తడి చెంబుని మరిచిపోయి రాత్రంతా వదిలేస్తే పొద్దున ఎర్రబారి కనిపిస్తుంది చూడండి, అది దీనికి తోబుట్టువే.

అసలు తమ్ముడి మౌత్‌పీసుకి చిల్లెలా పడింది? ఆ కథ బల్ల మీదే ఉంది. బ్రాసో డబ్బా, పక్కన నల్లబడ్డ బనీను గుడ్డ. తమ్ముడికి శుభ్రత పట్టింపు. వారానికి రెండుసార్లు తోముతాడు. దాంట్లో మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. అమ్మోనియా కూడా ఉంటుంది, అది రాగి లవణాలను కరిగిస్తుంది. ఇత్తడి గొట్టానికి సరే, పలచటి వెండి పూతకి కాదు. మన ఇళ్ళలో వెండి కుందులకి వాడే విబూదీ, పళ్ళపొడీ ఇదే కోవలోవి, కాకపోతే కుంది అంతా వెండే కాబట్టి అరిగినా అడుగున వెండే ఉంటుంది.

కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. పూత 5 మైక్రాన్లు, అంటే 5000 నానోమీటర్లు అనుకుందాం. నల్లపొర 50 నానోమీటర్లు కట్టిందనుకుందాం. అది కట్టడానికి ఖర్చయిన వెండి సుమారు 30 నానోమీటర్లు. అంటే నలుపు ఒక్కటే జాగ్రత్తగా తీయగలిగితే 160 సార్లు తీసినా అడుగున ఇంకా వెండి ఉంటుంది. గుడ్డకి అంత జాగ్రత్త తెలియదు, నలుపుతో పాటు మంచి వెండినీ గీక్కుపోతుంది. పెద్దాయన బద్ధకంతో పూత నిలిచింది, తమ్ముడి శ్రద్ధతో పోయింది. ఈ మాట పెద్దాయన ఎదుట అనకుండా ఉండాల్సింది, ఆ తర్వాత పావుగంట ఆయన మొహంలో వెలుగు చూడలేకపోయాం.

అమ్మోనియా పేరొచ్చింది కనుక ఒక పాత సంగతి. బ్రిటిష్ కాలంలో మన దేశంలో సైన్యం తుపాకీ తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలం వచ్చేసరికి వాటంతటవే పగిలిపోయేవి. వాటిని గుర్రపుశాలల్లో దాచేవారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానల తేమ కలిసి, సాగదీసి చేసిన ఇత్తడిలో లోపలున్న బిగువుని ఆసరా చేసుకుని చీల్చేవి. సంగతి ఇదని 1921లో తేలింది. మౌత్‌పీసు మందపాటి కడ్డీ నుంచి చెక్కింది కాబట్టి అలా పగలదు, కానీ పాలిష్ పట్టించిన ఇత్తడిని కడగకుండా పెట్టెలో వెయ్యడం మంచి అలవాటు కాదు.

మరి వెండి పోకుండా నలుపు ఎలా తీయడం? షాపు వెనక గ్యాసు పొయ్యి ఉంది. స్టీలు గిన్నెలో నీళ్ళు మరిగించమన్నాను. బిర్యానీ పొట్లానికి చుట్టే అల్యూమినియం రేకు గిన్నె అడుగున పరిచి, రెండు చెంచాల వంట సోడా, ఒక చెంచా ఉప్పు వేసి, మౌత్‌పీసుని రేకుకి ఆనేలా దించాను. సోడా అల్యూమినియం మీదున్న ఆక్సైడు పొరని కరిగిస్తుంది. ఆ తర్వాత అల్యూమినియం ఎలక్ట్రాన్లు ఇస్తుంది, సల్ఫైడులో చిక్కుకున్న వెండి వాటిని పుచ్చుకుని మళ్ళీ వెండిగా ఉన్నచోటే కూర్చుంటుంది. గంధకం విడిపోయి బయటికొస్తుంది. నిమిషం తిరక్కుండానే తమ్ముడు ముక్కు మూసుకుని "అన్నయ్యా, గుడ్డు కుళ్ళింది" అన్నాడు. నాలుగేళ్ళుగా కాలువ నుంచీ రబ్బరు బ్యాండు నుంచీ బాణసంచా నుంచీ కూడబెట్టిన గంధకమంతా ఆ గదిలోకి తిరిగొచ్చింది. కిటికీ తీశాం. ఊదా పోయి పసుపైంది, పసుపు పోయి తెలుపైంది. రంగులు వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్ళాయి. రబ్బరు చార మాత్రం లేత బూడిద రంగులో మిగిలింది, అక్కడ పొర మరీ మందం.

"ఇప్పుడు స్వరం బాగా పలుకుతుందా మాస్టారూ?"

పలకదు. యాభై నానోమీటర్ల పొర స్వరాన్ని ఏమీ చెయ్యలేదు, తీసినా ఏమీ మారదు. స్వరానికి అడ్డం పడేది ఇంకోటుంది. మౌత్‌పీసుని కంటికి ఆనించి దీపం వైపు చూడమన్నాను. గొంతు గుండ్రంగా లేదు, లోపల బూడిదతెలుపు గార కట్టి ఉంది. ఉమ్మిలో కాల్షియం, ఫాస్ఫేట్ ఉంటాయి, పంటి మీద గార కట్టినట్టే ఇక్కడా కడతాయి. మూడున్నర మిల్లీమీటర్ల చిల్లర ఉన్న గొంతులో సన్న పొర కట్టినా ఊదినప్పుడు తెలుస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి సన్న బ్రష్షుతో తోశాం. ఆకుపచ్చ చాయ ఉన్న పొక్కులు నాలుగు రాలాయి. ఆయన వాటిని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు.

బంగారు పూత వేయిస్తే పీడా పోతుందా అని తమ్ముడు అడిగాడు. బంగారాన్ని గంధకం ముట్టుకోలేదు, నిజమే. కానీ ఖరీదు కనుక పూత మరీ పలచగా వేస్తారు, అదీ వెండి మీద. ఏళ్ళు గడిచేకొద్దీ కింది వెండి అణువులు బంగారం రేణువుల సందుల్లోంచి పైకి పాకి అక్కడ నల్లచుక్కలవుతాయి. సీజన్‌కి పది పెళ్ళిళ్ళు చేసే మనిషికి మళ్ళీ వెండి పూతే మేలని నా ఉద్దేశం. అతని మౌత్‌పీసుని పూతకి పంపేదాకా నోట పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

లేచేటప్పుడు పెద్దాయన ఉన్నిగుడ్డని కుక్కకి పక్కగా వేశాడు. మౌత్‌పీసుని ఉతికిన నూలు రుమాల్లో చుట్టి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో, రెండు సుద్దముక్కలతో పాటు పెట్టాడు. రబ్బరు బ్యాండుని పారేయబోయి ఆగి, శ్రావణ మాసం అడ్వాన్సులు రాసుకున్న డైరీకి వేశాడు.